ఇరవై మూరల దూరం

గద్వాల
2 ఫిబ్రవరి 1941

వదినె విజయమ్మ గారికి కురుమూర్తి నమస్కారాలు.

మీ చెల్లెలి చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. రాస్తున్నాను.

జనవరి 11, శనివారం. ప్లేగుకు భయపడి ఊరు ఖాళీ చేసి, గట్టు దారిలో మల్లన్న చేలో గుడిసెలు వేసుకుని అప్పటికి ఇరవై ఆరు రోజులు. తుంగకు గురువారం జ్వరం వచ్చింది. మీ ఇంటి నుంచి జొన్నలు ఇచ్చిపోవడానికి వచ్చిన శంకరయ్య అన్న బండిలో ఆ సాయంత్రమే పాప సరోజను మీ దగ్గరికి పంపాను. శుక్రవారం తుంగ చంకలో గడ్డ కనిపించింది.

శనివారం పొద్దున రెండు గుక్కల జావ తాగింది. పది గంటలకు దవాఖాన డాక్టరు వచ్చాడు. చూసి బయటికి వచ్చి చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పక్క గుడిసె ఇమామ్ సాహెబ్ భార్య ఖుర్షీద్ బేగం వద్దన్నా లోపలికి వచ్చి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. మధ్యాహ్నం తుంగ నిద్రపోయింది. మూడు గంటలకు మెలకువ వచ్చింది. కొద్దిగా మాట్లాడింది. నీళ్లు అడిగింది. నాలుగున్నరకు పోయింది. పొద్దు కుంకకముందే దహనం అయింది. నలుగురం ఉన్నాము.

మర్నాడు గుడిసె కాల్చమని హుకుం. చీరలు, పరుపు, చాప, అన్నీ అందులోనే పోయాయి. ఆమె కత్తెర ఒకటి మిగిలింది. ఇనుముది కనుక మరిగే నీళ్లలో వేసి ఉంచుకోవచ్చన్నారు.

ఊళ్లోకి తిరిగి వచ్చి వారం అయింది. సర్వే కచేరికి వెళుతున్నాను. సరోజ ఎలా ఉందో రాయండి.

కురుమూర్తి


వనపర్తి
మాఘ మాసం, శుక్రవారం

చిరంజీవి మరిది కురుమూర్తికి విజయమ్మ దీవించి రాసేది.

నాకు పుస్తకాల భాష రాదు. నాలుగు తరగతులు చదివిన దాన్ని. మాట్లాడినట్లే రాస్త, నవ్వకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. తార్ కొట్టినట్లు, టెలిగ్రాం లెక్క రాసినవు. మాటకు ఇన్ని పైసలని తీసుకుంటరా ఏంది మీ గద్వాల పోస్టుల? నా చెల్లె గురించి ఇంకా రెండు మాటలు ఎక్కువ రాస్తే ఏం పోయేది? కోపం కాదు మరిదీ. దాని మొహం చివరిసారి చూడలేకపోతి, అందుకు అంటున్న.

సరోజ బాగుంది. తింటున్నది, పండుకుంటున్నది. నాన్న కావాలని ఏడుస్తలేదు. నువ్వు పరేషాన్ కాకు. కాని నోరు తెరుస్తలేదు. ఏమడిగినా తల ఊపుడే. ఏడేండ్ల పిల్ల ముసలమ్మ లెక్క కూసుంటది.

వచ్చేటప్పుడు ఒక రేకు డబ్బీ తెచ్చుకున్నది. అందుల చీటీలు. ముందల ఒక బొమ్మ, కింద ఒకటి రెండు మాటలు. ఎనక ఏవో గీతలు. దినమంత వాటిని పరుస్తది, ఏరుతది, మళ్ల డబ్బీల పెడ్తది. మీ అన్న చూసి, "ఆడపిల్లకు పత్తాలాట నేర్పిండ్రా? చదువుకున్నోళ్ల ఇంట్ల గిట్లనేనా?" అని నా మీద లేచిండు. ఇరుగుపొరుగు నవ్వుతుండ్రు. ఏంది ఈ ఆట? చెల్లె నాకు ఎన్నడు చెప్పలే. జర వివరంగ రాయి. తార్ కొట్టకు.

విజయమ్మ


గద్వాల
23 ఫిబ్రవరి 1941

వదినెకు నమస్కారాలు.

అది పేకాట కాదని అన్నకు చెప్పండి. వివరంగా రాయడానికి ప్రయత్నిస్తాను.

మా కచేరిలో గీత తప్పిన నక్షాలు పారేస్తారు. మందమైన కాగితం. వాటిని ఇంటికి తెమ్మనేది తుంగ. అరచేతి మేర ముక్కలు కోసింది. మీరు చూసిన గీతలు ఎవరెవరివో పొలాల హద్దులు. మొత్తం నలభై రెండు చీటీలు.

గుడిసెల దగ్గర పద్నాలుగు మంది పిల్లలుండేవారు. బడి లేదు. ఏ ఇంట్లో ఎలుక పడింది, ఎవరిని మోసుకుపోయారు, ఇవే వింటూ పెద్దల పక్కన కూర్చునేవారు. తుంగ అది చూడలేకపోయింది. మూడో రోజున కత్తెర తీసింది.

ఆటకు లంకెబిందెలని పేరు పెట్టింది. ముందు రోజు సాయంత్రం ఒక ముంతలో ఏదో ఒకటి వేసి చేలో పాతిపెట్టేది. బెల్లం ముక్క, గవ్వలు, ఒకసారి నా పాత పెన్సిలు. పొద్దున చీటీలు పంచేది. పొద్దు బొమ్మ ఉన్న చీటీ దిక్కు చెబుతుంది. చింతగింజల చీటీ లెక్క చెబుతుంది. చెవి బొమ్మ ఉంటే ఎవరినో ఒకరిని అడగాలి. 'ఈ ఆకు పేరేమో ఇమామ్ సాహెబ్‌ను అడుగు' అని ఉంటుంది. ఆయన చెప్పిన చెట్టు దగ్గరికి పోవాలి. మబ్బు వస్తే ఉన్నచోటే నిలబడి నూరు లెక్కపెట్టాలి. పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది అదే.

ఒకరి చీటీతో ముంత దొరకదు. అందరివీ కలవాలి. లాక్కుంటే ఆట నుంచి బయటికి. చదవడం రానివారు చదువు వచ్చినవారిని అడగాలి. వచ్చినవారు చదివి చెప్పరాదు, అక్షరం చూపించి వాళ్లచేతే చదివించాలి. ముగ్గురికి తక్కువైతే ఆట లేదు.

ఇమామ్ సాహెబ్ బిడ్డ మున్నీబీకి అంతకుముందు ఒక్క తెలుగు అక్షరం తెలియదు. పన్నెండు రోజుల్లో చీటీలు చదివింది. బదులుగా కొన్ని చీటీల మూలన ఉర్దూలో రాసింది. సరోజ అవి నేర్చుకుంది. నాకు లెక్కలు బెత్తం దెబ్బలతో వచ్చాయి. ఈ పిల్లలకు పరుగెత్తుతుంటే వచ్చాయి.

నేను ఒక్కసారి కూడా ఆడలేదు. సాయంత్రం కచేరి నుంచి వచ్చేసరికి ముంత దొరికి ఉండేది. పద్నాలుగు మందీ ఒకేసారి చెప్పేవారు. నేను 'సరే' అని లోపలికి పోయేవాణ్ణి. ఆమె బయటే నిలబడి ఇంకా వింటుండేది.

కురుమూర్తి


వనపర్తి
ఉగాది పోయిన నాలుగో దినం

చిరంజీవి మరిదికి విజయమ్మ దీవెనలు.

ఈసారి నీ ఉత్తరం ఉత్తరం లెక్క ఉన్నది. మీ అన్నకు చదివి వినిపించిన. "గిదా సంగతి?" అన్నడు. మర్నాడే అంగడి నుంచి ముంత కొనుక్కొచ్చి అరుగు మీద పెట్టిండు. నోటితో ఒప్పుకోడు, తెలుసు గద.

ఇంటి ముందల రాములు బిడ్డ ఎంకమ్మ, ఇంకా నలుగురు పోరగాండ్లను జమ చేసిన. నువ్వు రాసినట్లే నేను ముంత పాతిన, చీటీలు పంచిన. సరోజ గడపల కూసోని చూస్తున్నది. ఎంకమ్మ పక్కోని చీటీ గుంజింది. అంతే, గడపల నుంచి ఒక మాట వచ్చింది: "లాక్కుంటే బయటికి."

రెండు నెలలకు మొదటి మాట మరిదీ! నా చెవులను నేనే నమ్మలే.

ఇగ అప్పటిసంది ఆటను అదే నడుపుతున్నది. నన్ను పక్కకు జరిపింది. "పెద్దమ్మా, నువ్వు చదివి చెప్తున్నవు. గట్ల చెప్పొద్దు" అని నాకే చెప్తది. పలక మొహం చూడని ఎంకమ్మ 'తూర్పు' అని గోడ మీద బొగ్గుతో రాసింది. దాని తల్లి సున్నం కొట్టిన గోడ పాడైందని తిట్టింది, తర్వాత ఊరంత తిరిగి చూపించింది. బడి పంతులు వెంకటన్న ఆగి చూసి, "ఈ చీటీలు ఎవరు చేసిండ్రమ్మా? నాకు ఒక జత కావాలె" అన్నడు. చేసినామె లేదని చెప్పిన.

ఇప్పుడు అసలు మాట. నీది ఊర్లు పట్టుకోని తిరిగే కొలువు. నెలకో మకాం. ఇంట్ల ఆడదిక్కు లేదు. నాకు కడుపు పండలే, నీకు తెలుసు. సరోజను మాకు ఇచ్చెయ్యి. పదిమందిల కాగితం రాసుకుందాం. పిల్ల ఇక్కడ కుదురుకున్నది. నీ పేరు కూడ తియ్యదు. దానికి ఇదే ఇల్లు అయింది. ఆలోచించి రాయి.

విజయమ్మ


నాగర్‌కర్నూల్ మకాం
20 ఏప్రిల్ 1941

వదినెకు నమస్కారాలు.

మూడు వారాలుగా ఇక్కడ ఉన్నాను. ముసాఫిర్‌ఖానాలో గది ఇచ్చారు. ఎండ ఎక్కువ. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా గొలుసు పట్టి పొలాలు కొలుస్తాము. గొలుసు లాగేవాళ్లిద్దరూ అచ్చంపేటవాళ్లు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడేవారు ఎవరూ ఉండరు. అది నాకు మొదట్లో బాగానే ఉండేది.

నిన్న మేకలు కాసే ఒక చిన్నపిల్ల గొలుసు వెంట చాలాదూరం వచ్చింది.

"సారూ, ఏం దేవులాడుతుండ్రు?" అంది.

"హద్దు" అన్నాను.

"దొర్కిందా?"

"రేపు దొరుకుతుంది" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. మేకల వెంట పోయింది.

మీరు రాసినదాని గురించి ఆలోచించాను. మీరు చెప్పింది న్యాయంగానే ఉంది. గద్వాల ఇంట్లో నేను ఒక్క గదిలోనే దీపం పెడతాను. వంట ఒక పూటే. అటువంటి ఇంటికి పిల్లను తెచ్చి ఏం చేయాలో నాకు తెలియదు. అది నా పేరు తీయకపోవడం ఒకందుకు మంచిదే.

జూన్ 15న వనపర్తి వస్తాను. కాగితం రాసి ఇస్తాను. వెంకటన్న పంతులుకు చీటీల జత నేను చేయలేను. కత్తెర ఉంది. మాటలు ఆమెవి.

కురుమూర్తి


వనపర్తి
వైశాఖ మాసం, బుధవారం

చిరంజీవి మరిదికి విజయమ్మ దీవెనలు.

నువ్వు ఒప్పుకున్నవని మీ అన్న సంబురపడ్డడు. నేను కూడ పడ్డ. పడ్డ అనే రాస్తున్న.

కాని ఒక సంగతి అయింది. మొన్న పిల్లలు ఆడుతుంటే ఎంకమ్మ ఆ రేకు డబ్బీ అడుగున మడిచిపెట్టిన చీటీ ఒకటి తీసింది. సరోజ మీదబడి గుంజుకున్నది. లాక్కుంటే బయటికని అందరికి చెప్పేది తనే, తనే లాక్కున్నది. తర్వాత తనే ఆటల నుంచి లేచి, గోడకు మొహం పెట్టి ఏడ్చింది. మా ఇంటికి వచ్చినంక అది ఏడ్వంగ చూసుడు అదే మొదలు.

ఒళ్లె పండుకోబెట్టుకోని అడిగిన.

"ఇది అయిపోని ఆట పెద్దమ్మా" అన్నది.

మీరు బండెక్కించిన గురువారం పొద్దున చెల్లె ఎప్పటిలెక్క చీటీలు పంచిందట. అన్ని చీటీలు అయిపోయినయట. ఆఖరుది సరోజ చేతికి వచ్చింది. అప్పుడే చెల్లె, "తల నొస్తున్నది, జరసేపు పండుకుంట, లేచినంక ఎతుకుదాం" అన్నదట. లేవలే. సాయంత్రం బండి వచ్చింది.

"ముంతల ఏం పెట్టిందే?" అంటే, "తెల్వదు. ఈసారిది నీకే అన్నది" అని చెప్పింది.

చీటీల ఉన్నది ఉన్నట్లు రాస్తున్న: 'తుమ్మ చెట్టు మొదలు. పొద్దు పొడిచే దిక్కు. ఇరవై మూరలు. జానెడు లోతు.'

ఆ చేను మిరుగం కార్తె వానలు పడితే దున్నుతరు గద. దానికంటే ముందల జర పోయి చూడు మరిదీ. దొరికితే పంపు. పిల్లకు అది చాలు.

విజయమ్మ


గద్వాల
27 మే 1941

వదినెకు నమస్కారాలు.

నాగర్‌కర్నూల్ పని ముగిసింది. మొన్న ఆదివారం మల్లన్న చేనుకు వెళ్లాను. తుమ్మ చెట్టు ఉంది. గుడిసెలు కాల్చిన నల్లటి మచ్చలు ఇంకా ఉన్నాయి. మాది ఎడమ నుంచి మూడోది.

మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. ఇరవై మూరలకు ముప్పై అడుగులు. జనవరిలో పొద్దు సరిగ్గా తూర్పున పొడవదు, దక్షిణానికి జరుగుతుంది. దిక్సూచి పెట్టి ఆ తేడా కూడా చూశాను. గొలుసుతో కొలిచి మేకు పాతాను. పార వేశాను.

మల్లన్న గట్టు మీద నుంచి కేక వేశాడు. "ఏం సారూ, సర్కారు నా చేన్ల లంకెబిందెలున్నయని చెప్పిందా? దొరికితే సగం నాది!" దగ్గరికి వచ్చి నా ముఖం చూసి ఆపాడు. సంగతి చెప్పాను. తానూ పార తెచ్చుకున్నాడు. మేకు చుట్టూ నాలుగడుగుల మేర తవ్వాము. జానెడు కాదు, మోకాలి లోతు. ఏమీ లేదు.

"అమ్మగారు మతిల పెట్టుకున్నదేమో సారూ, పెట్టలేదేమో" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. బుధవారం సాయంత్రానికే ఒంట్లో బాగుండి ఉండదు. చీటీ రాసి ఉంటుంది, ముంత పాతే ఓపిక ఉండి ఉండదు. ఆ మేకు పీకి తెచ్చుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి. మొదటి ఉత్తరంలో ఒక మాట రాయలేదు. శనివారం మూడు గంటలకు మెలకువ వచ్చి కొద్దిగా మాట్లాడిందని రాశాను. ఏమన్నదో రాయలేదు. "సరోజను పిలిపించు. ఆట మిగిలి ఉంది" అన్నది. జ్వరంలో అంటున్నదనుకున్నాను. "ఇప్పుడు ఆటేంది తుంగా, పడుకో" అన్నాను. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. నీళ్లు కూడా చేత్తో అడిగింది.

ఆమె స్పృహలోనే ఉందని మీ ఉత్తరం చదివాక తెలిసింది.

సరోజకు ఇవేమీ చెప్పకండి. ముంత దొరకలేదని కూడా చెప్పకండి. చేను దున్నేశారని చెప్పండి. 15న వస్తాను.

కురుమూర్తి


వనపర్తి
జ్యేష్ఠ మాసం, శనివారం

మరిదీ,

దీవెనలు తర్వాత రాస్త. ముందల ఇది చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పిండి ఇసురుతున్న. గూట్లె పెట్టమని సరోజకు ఇచ్చిన. గూట్లె పెట్టలే. అరుగు మీద కూసోని మొదటి నుంచి ఆఖరు దాక చదివింది. మీరిద్దరు దానికి చదువు నేర్పిండ్రు, ఇగ దాని ముందల ఏం దాస్తరు?

ఇసురుడు ఆపి నేను పోయేసరికి కాగితం ఒళ్లె పెట్టుకోని ఉన్నది.

"పెద్దమ్మా, అమ్మ నన్ను పిలిచిందా?" అన్నది.

"పిలిచింది బిడ్డా" అన్న. అబద్ధం ఎట్ల చెప్పుదు?

అలిగిందనుకున్న, ఏడుస్తదనుకున్న. తల ఎత్తి, "నాన్నకు ఆట రాదు" అన్నది.

"ఏమాయె?"

"ఎవరి మూరతోని కొలిసిండు?"

"మూర అంటే మూరనే గదనే. పద్దెనిమిది అంగుళాలని రాసిండు."

"గొలుసుకు మూర ఉంటదా పెద్దమ్మా? చీటీ ఎవరి చేతిల ఉంటే మూర వాళ్లది. అమ్మ ఎప్పుడు గట్లనే పెట్టేది. ముంత పాతే ముందల వాళ్ల చెయ్యి పట్టుకోని పుల్లతోని కొలుసుకునేది. నాన్నది పెద్ద చెయ్యి. గంత దూరం పోతే ఎట్ల దొరుకుతది?"

ఇన్నవా బి.ఎ. చదివిన సారూ? పొద్దు ఎటు జరుగుతదో లెక్క తీసినవు. పూలమ్మే ముసలిదాన్ని అడిగినా చెప్తది, ఎవరి మూర వాళ్లదని. నీ బిడ్డ మూర యాదికి రాకపాయె.

ఇగ నా సంగతి. నువ్వు ఒక మాట రాయలే అన్నవు. నేను ఐదు నెలలు రాయలే. సరోజ నిన్ను అడుగుతలేదని రాసిన గద, నీ పేరు తియ్యదని రాసిన గద. అంతా అబద్ధం. వనపర్తి రోడ్డు రైలు స్టేషను దిక్కు నుంచి ఎడ్ల గంటల సప్పుడైతే చాలు, ఏ పని చేస్తున్నా ఇడిసిపెట్టి అరుగు మీదికి ఉరుకుతది. బండిల నువ్వు లేకపోతే లోపలికి వచ్చి చీటీలు పరుస్తది. దినాం ఇంతే. నోరు తెరిసి అడగలే, నిజమే. ఉరికేది నేను చూసిన. చూసి రాయలే. ఆశ పుట్టింది మరిదీ. పిల్ల నాకు ఉంటదని ఆశ.

కాగితం వద్దు. మీ అన్నకు చెప్పిన. రెండు దినాలు అన్నం సరిగ తినలే, తర్వాత "పిల్ల పిల్లనే గద, ఎక్కడున్నా" అన్నడు.

సరోజ చెయ్యి దారంతోని కొలిసి ఇందుల పెట్టిన. మోచెయ్యి నుంచి నడిమి వేలి కొస దాక. నువ్వే పోయి తవ్వుకుంటవో, ఏం చేస్తవో నీ ఇష్టం. కింద అది కూడ రెండు మాటలు రాస్త అంటున్నది.

విజయమ్మ

నాన్నా నువ్వు తవ్వకు. నేను వచ్చి కొలుస్త. నా చెయ్యి కొంచెం పెరిగింది. పెద్దమ్మ గాజులు ఎక్కుతలేవు. మున్నీబీకి సలాం చెప్పు.
సరోజ


గద్వాల
11 జూన్ 1941, సాయంత్రం

వదినెకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం అందింది. దారం జాగ్రత్తగా ఉంది. బల్ల మీద పరిచి స్కేలు పెట్టాను. పన్నెండున్నర అంగుళాలు. ఐదు నెలల్లో అర అంగుళం పెరిగిందనుకుంటే అప్పుడు పన్నెండు. ఇరవై మూరలకు ఇరవై అడుగులు. నేను మేకు పాతిన చోటికి పది అడుగుల ఇవతల. తవ్విన మట్టి అక్కడికి దగ్గర్లోనే కుప్ప పోశాము.

కచేరి నుంచి వస్తూ ఇమామ్ సాహెబ్ ఇంటి ముందు ఆగాను. మున్నీబీ వాకిట్లో ఉంది. సరోజ సలాం చెప్పాను. మూర సంగతి అడిగాను.

"ఔ చాచా, చీటీ ఎవరిదైతే మూర వాళ్లదే" అంది వెంటనే.

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు నన్ను అడగలే గద!"

ఖుర్షీద్ బేగం తలుపు చాటు నుంచి పిల్లను గదిమి, నాతో అంది: "భాయ్, పిల్లను తోలుకొని రా. ఇల్లు నేను ఊడ్చి పెడ్త. వంట నువ్వు నేర్చుకున్నదాక నా పొయ్యి ఉన్నది." చెవి బొమ్మ చీటీ తుంగ ఎందుకు పెట్టిందో నాకు ఇప్పుడు అర్థమైంది. నేను ఐదు నెలలుగా ఎవరినీ ఏమీ అడగలేదు. సరోజ ఎలా ఉందని మాత్రం మిమ్మల్ని అడిగాను. సరోజను అడగలేదు.

తర్వాత మల్లన్న చేనుకు పోయాను. మిరుగం వాన పడింది. దున్నుతున్నాడు. తుమ్మ చెట్టుకు పొద్దు పొడిచే వైపు పెద్ద పట్టీ వదిలిపెట్టి చుట్టూ సాలు తీశాడు. నేను అడగకముందే వదిలాడు. "అమ్మగారు పెట్టలేదని నోరుజారి అన్న సారూ. తర్వాత మనసు ఒప్పలే" అన్నాడు. దారం చూపించి చెప్పాను. పార తెమ్మంటావా అన్నట్లు చూశాడు. వద్దన్నాను. "పాప వచ్చినంకనే దున్నుత తియ్. గింత ముక్కకు నా కుటుంబం ఉపాసం ఉండదు" అన్నాడు.

పది అంగుళాలు అటూఇటూ తవ్వితే ఈ సాయంత్రమే దొరికేది. కొంతసేపు అక్కడ నిలబడ్డాను. మబ్బు చీటీ వచ్చినప్పుడు పిల్లలు నిలబడ్డట్లు నూరు లెక్కపెట్టాను. వచ్చేశాను.

ఇంతకాలం నేను వనపర్తి రాకపోవడానికి పని కారణం కాదు. 'అమ్మ ఏమన్నది?' అని సరోజ అడుగుతుందని భయం. నేను చెప్పవలసిన జవాబును అదే చదువుకుంది. ఇక నా దగ్గర దాచడానికి ఏమీ లేదు.

మీరు రాయనిది తప్పని నేను అనలేను. మొదట రాయనిది నేను. మీరు లేకపోతే ఆ పిల్ల నోట మాట వచ్చేది కాదు. బడులకు సెలవులు ఇచ్చినప్పుడల్లా మీ దగ్గరికి పంపుతాను. దానికి కాగితం అక్కర లేదు. ముంత తీయడానికి మీరూ అన్నా కూడా గద్వాల రావాలి. ముగ్గురికి తక్కువైతే ఆట లేదు. నేను కొత్తవాణ్ణి, నన్ను సగం కిందే లెక్క.

వెంకటన్న పంతులుకు చీటీలు చేస్తామని చెప్పండి. నక్షాలు నేను తెస్తాను, కత్తెర ఉంది. మాటలు సరోజ చెబుతుంది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వేస్తే నా తర్వాత చేరుతుంది. ఎదురుగా కూర్చుంటే ఇవన్నీ చెప్పలేనని నాకు తెలుసు, అందుకే రాసి తెస్తున్నాను. అరుగు మీద మీ చేతికి ఇస్తాను. మీరు చదివేదాకా సరోజ దగ్గర కూర్చుంటాను.

రేపు పొద్దున మొదటి రైలు ఎక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగుతాను. గంటలు కట్టిన ఎడ్లబండి ఏదో చూసి, అందులోనే మీ ఇంటికి వస్తాను.

కురుమూర్తి